ముందు దుమ్ము దులపండి, ర్యామ్ సంగతి తర్వాత

ప్రశ్న: గోదావరిఖనిలో ఇంటి దగ్గరే కూర్చుని చిన్న షాపులవాళ్లకు జీఎస్టీ రిటర్నులు, ఇన్‌కమ్ ట్యాక్స్ పనులు చేసిపెడతాను. నాది హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న లెనోవో థింక్‌ప్యాడ్ టీ480. ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ. చలికాలం బాగానే ఉంటుంది. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం పూట ఫ్యాన్ ఒకటే గోల. కీబోర్డు మీద చెయ్యి పెట్టలేను. ట్యాలీలో ఎంట్రీ కొడితే అది స్క్రీన్ మీదికి రావడానికి టైమ్ పడుతోంది. మొన్న రెండుసార్లు దానంతటదే ఆగిపోయింది. షాపతను 16 జీబీ ర్యామ్, కొత్త ఎన్‌వీఎంఈ (వేగం ఎక్కువుండే రకం ఎస్ఎస్‌డీ), కూలింగ్ ప్యాడ్ అన్నీ ఒకేసారి వేయించుకోమంటున్నాడు. ప్రాసెసర్ మీద వేడి లాగడానికి వేసే పేస్ట్ మారిస్తే చాలని మా తమ్ముడంటాడు. మావారేమో ఇది పక్కన పడేసి కొత్తది తీసుకో అంటున్నారు. రిటర్నుల గడువు 20వ తారీఖు దగ్గరపడే కొద్దీ టెన్షన్. ఏది ముందు చేయాలి?

సమాధానం: మీ తమ్ముడి మాట వినండి. షాపతను చెప్పిన మూడింటిలో ఒక్కటి మీకు పనికొస్తుంది, అది కూడా రెండో విడతలో. మీవారి సలహాను ఇంకో రెండు మూడేళ్లు ఆపొచ్చు.

మీ ఉత్తరంలో అసలు విషయం ‘చలికాలం బాగానే ఉంటుంది’ అన్న ఒక్క ముక్కలో ఉంది. డిసెంబర్‌లోనూ 20వ తారీఖు వస్తుంది, అప్పుడూ అదే ట్యాలీ, అదే జీఎస్టీ పోర్టల్, క్రోమ్‌లో అవే ట్యాబులు. ర్యామ్ చాలకపోతే డిసెంబర్‌లోనూ చాలకూడదు కదా. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రమే మొరాయిస్తోందంటే దాన్ని వేధిస్తున్నది వేడి. వేడికి ర్యామ్ మందు కాదు.

జరిగేదేమిటంటే, మీ ప్రాసెసర్ నిలకడగా 15 వాట్ల దగ్గర పనిచేయడానికి తయారైంది. పని పడ్డప్పుడు కొన్ని సెకన్ల పాటు అంతకు రెట్టింపు పైనే లాగి, వేగం పెంచుకుని, పని ముగించి మళ్లీ దిగుతుంది. ఆ కాసేపట్లో పుట్టిన వేడిని రాగి గొట్టం మోసుకెళ్లి పక్కనున్న సన్నటి రేకుల్లోకి ఇస్తే, ఫ్యాన్ దాన్ని బయటికి ఊదేస్తుంది. ఈ దారిలో ఎక్కడ అడ్డం పడినా ఉష్ణోగ్రత 100 డిగ్రీల దాకా ఎగబాకుతుంది. అక్కడికి చేరుతుందనగానే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మీకు ట్యాలీ ఎంట్రీ ఆలస్యంగా కనపడేది ఆ క్షణంలోనే. తగ్గించుకున్నా సరిపోకపోతే మెషీన్ మొత్తంగా ఆగిపోతుంది.

దీనికి తోడు గది. డిసెంబర్‌లో 25 డిగ్రీలున్న గది మే నెలలో 40కి వెళ్తే, అదే పనికి ప్రాసెసర్ కూడా సుమారు ఆ 15 డిగ్రీలు పైకి జరుగుతుంది. చలికాలం 82 దగ్గర గుట్టుగా నడిచిన మెషీన్ ఎండాకాలం 97 కొట్టి చేతులెత్తేస్తుంది. అంటే లోపం డిసెంబర్‌లోనూ ఉంది, బయటపడలేదంతే. థింక్‌ప్యాడ్‌తో వచ్చే పుస్తకంలో కంపెనీవాళ్లు వాడకానికి రాసిన హద్దు 5 నుంచి 35 డిగ్రీలు. రామగుండం, గోదావరిఖని వైపు మే నెల మధ్యాహ్నం గదిలో 35 డిగ్రీలంటే ఏసీ ఉన్నవాళ్ల మాట. పైగా సింగరేణి గనుల పక్క ఊరు. కిటికీ తీస్తే టేబుల్ మీద సాయంత్రానికి ఎంత నల్లటి పొడి పేరుకుంటుందో మీకే తెలుసు. మీ ఫ్యాన్ ఇన్నేళ్లుగా పీల్చింది ఆ గాలినే.

రూపాయి ఖర్చు లేకుండా ముందు రెండు పరీక్షలు చేయండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుని, సెన్సర్లు మాత్రమే చూపించే పద్ధతిలో తెరిచి, మధ్యాహ్నం రెండింటికి మీ మామూలు పని ఒక అరగంట చేయండి. అందులో సీపీయూ గరిష్ట ఉష్ణోగ్రత, దాని కింద ‘థర్మల్ థ్రాట్లింగ్’ (వేడికి వేగం తగ్గించుకోవడం) అన్న వరుసలు చూడండి. అక్కడ ‘యెస్’ అని పడితే ఇక వాదన లేదు. రెండోది, అదే సమయంలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో మెమరీ ఎంత వాడుకుంటోందో చూసి రాసిపెట్టుకోండి. ఈ అంకె ర్యామ్ దగ్గరికి వచ్చినప్పుడు కావాలి.

ఈ నెల గండం గట్టెక్కడానికి ఇంకో ఉపాయం ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో మీరు వాడుతున్న ప్లాన్ సెట్టింగులు, అడ్వాన్స్‌డ్, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ దాకా వెళ్లండి. ‘మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్’ అన్నచోట 100 ఉంటుంది. బ్యాటరీకీ ప్లగ్గుకీ రెండింటికీ దాన్ని 99 చేయండి. తగ్గింది ఒక్క శాతమే అనిపిస్తుంది కానీ, ఆ ఒక్కటి తగ్గగానే ప్రాసెసర్ ఉరుకులు పరుగులు మానేసి మామూలు వేగానికే పరిమితమవుతుంది. మీది ఐ5 8250యూ అయితే 3.4 గిగాహెర్ట్‌జ్ దాకా ఎగిరేది 1.6 దగ్గరే ఉంటుంది. పెద్ద ఫైళ్లు తెరుచుకోవడం కాస్త నిదానమవుతుంది, కానీ మీ పనికి అది చాలు. వేడి మాత్రం వెంటనే దిగుతుంది, ఫ్యాన్ నోరు మూస్తుంది. శుభ్రం చేయించాక మళ్లీ 100 చేసేయండి, లేకపోతే కొన్న ప్రాసెసర్‌లో సగం వాడనట్టే.

ఇక అసలు పని, లోపల శుభ్రం చేయడం. బయటి జాలీలోంచి బ్లోయర్‌తో ఒక్క ఊపు ఊది ‘అయిపోయింది మేడమ్’ అనే రిపేరు మీకొద్దు. దుమ్ము పేరుకునేది ఫ్యాన్ రెక్కల మీద కాదు, ఫ్యాన్‌కీ రాగి రేకులకీ మధ్య సందులో. అక్కడ నూలు పోగులు, వెంట్రుకలు, పొడి అన్నీ కలిసి పాత కంబళి ముక్కలా అట్టకట్టి రేకుల ముఖం మొత్తం మూసేస్తాయి. బయటినుంచి ఊదితే ఆ అట్ట వెనక్కి ఫ్యాన్‌లోకి జరుగుతుంది, నాలుగు రోజులకు మళ్లీ వచ్చి అక్కడే అతుక్కుంటుంది. ఫ్యాన్ విప్పి, దాన్ని చేత్తో పట్టుకుని లాగేయాలి. షాపులో మీ కళ్లముందు చేయించండి. ఆ అట్ట బయటికి వచ్చిందో లేదో మీరే చూడొచ్చు.

మీ తమ్ముడికి చెయ్యి తిరిగి ఉంటే ఇంట్లోనే చేయొచ్చు, టీ480 విప్పడానికి మొండికేసే మెషీన్ కాదు. ఈ మెషీన్‌లో బ్యాటరీలు రెండు. వెనకాల ఊడదీసేది ఒకటి, లోపల కనపడకుండా ఇంకొకటి. వెనకది తీసేశాం కదా అని లోపల స్క్రూడ్రైవర్ పెట్టారంటే బోర్డులో ఇంకా కరెంటు పారుతూనే ఉంటుంది. అందుకని ముందు ఆన్ చేసేటప్పుడు ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లోకి) వెళ్లి, కాన్ఫిగ్, పవర్ కింద ‘డిజేబుల్ బిల్టిన్ బ్యాటరీ’ అన్నది నొక్కాలి. మెషీన్ ఆగిపోతుంది. ఆ తర్వాతే వెనక బ్యాటరీ తీసి, అడుగు మూతకున్న స్క్రూలు వదులు చేయాలి. ఆ స్క్రూలు మూతనే పట్టుకుని ఉంటాయి, ఊడి కింద పడవు. మూత అంచుల్లో ప్లాస్టిక్ కొక్కేలుంటాయి, వాటిని పాత ఏటీఎం కార్డుతో నిదానంగా విడిపించాలి. పని అయ్యాక ఛార్జర్ పెడితే లోపలి బ్యాటరీ మళ్లీ మేలుకుంటుంది.

రాగి గొట్టం, ఫ్యాన్ రెండూ కలిపి ఒకే భాగంగా వస్తాయి. ప్రాసెసర్ మీద దాన్ని పట్టి ఉంచే స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలు అచ్చయి ఉంటాయి. బిగించేటప్పుడు ఆ వరుసలోనే, ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ పోవాలి. ఒక మూల ముందే బిగిస్తే రాగి పలక ఒరిగి కూర్చుంటుంది, ఎంత మంచి పేస్ట్ వేసినా ఫలితం ఉండదు. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి. గిర్రున తిరుగుతుంటే చూడ్డానికి సరదాగానే ఉంటుంది, బేరింగ్ పోతుంది.

పాత పేస్ట్ ఎండి గట్టిపడి పెచ్చులు పెచ్చులుగా కనిపిస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తటి గుడ్డతో రెండు వైపులా అద్దంలా తుడవాలి. మేకుతో, బ్లేడుతో గీకొద్దు. ప్రాసెసర్ చిప్ మీద రేకు కప్పు ఉండదు, నేరుగా చిప్పే బయటికి కనపడుతుంది. కాబట్టి డెస్క్‌టాప్‌లో వేసినట్టు మధ్యలో చుక్క పెట్టి వదిలేయకుండా, చిప్ ముఖం మొత్తం పలచగా కప్పేలా పరచాలి. ఆర్కిటిక్ ఎంఎక్స్4, ఎంఎక్స్6, నాక్టువా ఎన్‌టీహెచ్1, వీటిలో ఏదైనా సరే. నన్నడిగితే మీకు ఇంకా నప్పేది హనీవెల్ వాళ్ల పీటీఎం7950. ఇది పేస్ట్ కాదు, పలచటి పొర. 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సందులన్నీ నింపుతుంది. లాప్‌టాప్‌లో రోజూ వేడెక్కి చల్లారే చిప్ మీద మామూలు పేస్ట్ మెల్లగా అంచులకు నెట్టుకుపోతుంది, ఇది అంత తొందరగా కదలదు. నకిలీలు చాలా తిరుగుతున్నాయి, ఎక్కడ కొంటున్నారో చూసుకోండి. లిక్విడ్ మెటల్ వేస్తామని ఎవరైనా ఉత్సాహపడితే వద్దని చెప్పండి. అది కరెంటును పారనిస్తుంది, ఒక్క బొట్టు పక్కకు జారితే బోర్డు పోతుంది.

మూత తీసినప్పుడే లోపలి బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. ఉబ్బితే అది మార్చేదాకా మెషీన్ వాడొద్దు, దాన్ని గుచ్చొద్దు, నొక్కొద్దు. బాగానే ఉంటే లెనోవో వాళ్ల వాంటేజ్ ప్రోగ్రామ్‌లో ఛార్జింగ్ పరిమితి పెట్టుకోండి, 75 దగ్గర మొదలై 80 దగ్గర ఆగేలా. మీరు ఎప్పుడూ ప్లగ్గులోనే పెట్టి పనిచేస్తారు కాబట్టి నూటికి నూరు నింపి పొద్దస్తమానం ఆ వేడిలో ఉంచడం బ్యాటరీకి గోరుచుట్టు మీద రోకటిపోటు.

రెండుసార్లు ఆగిపోయిందన్నారు. అప్పుడు ఛార్జర్ పెట్టి ఉందా, లేదా గుర్తు చేసుకోండి. ఛార్జర్ లేకుండా బ్యాటరీ 30 శాతం చూపిస్తూ టక్కున ఆగితే, అది వేడి కాకుండా అరిగిపోయిన బ్యాటరీ కావొచ్చు. ఛార్జర్ ఉండగానే, ఫ్యాన్ గోల మధ్య ఆగితే వేడే. ఇంకొకటి, ఫ్యాన్ చప్పుడు ఎలా ఉంది? హోరుగా గాలి చప్పుడైతే ఫ్యాన్ బాగున్నట్టు, దారి మూసుకుందంతే. గరగరమని, టకటకమని అంటే బేరింగ్ పోతోంది. పూర్తిగా పోయాక ఆన్ చేయగానే ‘ఫ్యాన్ ఎర్రర్’ అని చూపించి ఆగిపోతుంది. ఎలాగూ కొత్తది వేయాల్సి వస్తే, విడిగా గ్రాఫిక్స్ చిప్ ఉన్న టీ480కి ఇచ్చిన రెండు గొట్టాల ఫ్యాన్ అడగండి. మీ ఒంటి గొట్టం మెషీన్‌లోనూ అది కూర్చుంటుంది, వేడి ఇంకా బాగా లాగుతుంది. ఫ్యాన్ బాగుంటే మాత్రం దీనికోసం డబ్బు పెట్టనక్కర్లేదు.

ఇప్పుడు ర్యామ్. టాస్క్ మేనేజర్‌లో రాసిపెట్టుకున్న అంకె చూడండి. 8 జీబీలో 6లోపే ఉంటే ఈ ఏడాదికి వదిలేయండి. ఏడు దాటుతుంటే, అంటే ట్యాలీ, సంతకానికి ఈఎంసైనర్, క్రోమ్‌లో పోర్టల్ ట్యాబులు, ఎక్సెల్‌లో పర్చేజ్ రిజిస్టర్ అన్నీ తెరిచి ఉంటే అది మామూలే, అప్పుడు 16 చేయించండి. టీ480లో రెండు ర్యామ్ స్లాట్లున్నాయి. సెకండ్ హ్యాండ్‌లో వచ్చినవాటిలో తరచూ ఒక 8 జీబీ ముక్క మాత్రమే ఉండి రెండో స్లాట్ ఖాళీగా ఉంటుంది. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలోనే ‘స్లాట్స్ యూజ్డ్’ అని ఉంటుంది, చూడండి. ఒకటి ఖాళీ ఉంటే ఇంకో 8 జీబీ లాప్‌టాప్ డీడీఆర్4 ముక్క పెడితే చాలు. ఉన్నది తీసేసి ఒకే 16 వేస్తానని షాపతను అంటే ఒప్పుకోవద్దు. రెండు ముక్కలుంటే ప్రాసెసర్ రెండు దారుల్లోనూ ఒకేసారి చదువుతుంది. డీడీఆర్4 ధరలు 2025లో బాగా పెరిగాయి, కాబట్టి పరీక్షించిన పాత ముక్క దొరికినా తీసుకోవచ్చు. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి ఎప్పుడైనా వెళ్లే పనుంటే అక్కడ అడగండి. ర్యామ్ అంత తేలిగ్గా పాడయ్యే వస్తువు కాదు.

ఎన్‌వీఎంఈ సంగతి అసలు మీరు అడగలేదు, షాపతను అడిగించాడు. మీ దగ్గర ఇప్పటికే ఎస్ఎస్‌డీ ఉంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో దాని ఆరోగ్యం ‘గుడ్’ అని ఉండి, సీ డ్రైవ్‌లో 40 జీబీ అయినా ఖాళీ ఉంటే దాని జోలికి పోవద్దు. పాతది సాటా రకమైతే (ఎన్‌వీఎంఈ కంటే నిదానమైన పాత రకం) ఎన్‌వీఎంఈ పెట్టడానికి వేరే ట్రే, వేరే కేబుల్ కొనాలి. కొన్నాక కూడా ఈ మెషీన్‌లో ఆ దారి రెండు లేన్లదే, ఖరీదైన డ్రైవ్ పూర్తి వేగం ఇక్కడ రాదు. పైగా వేగం ఎక్కువున్న డ్రైవ్ తన వేడి తాను పుట్టిస్తుంది. వేడికని వచ్చిన మెషీన్‌లో ఇంకో పొయ్యి పెట్టమనడం ఏం వైద్యమో నాకర్థం కాలేదు.

కూలింగ్ ప్యాడ్ కొనకండి. గాలి అడుగు నుంచి లోపలికి వెళ్తుంది, దానికి చోటు కావాలి, అంతే. వెనక అంచు కింద రెండు పాత పుస్తకాలో, చెక్క ముక్కో పెట్టి రెండు అంగుళాలు లేపితే ప్యాడ్ ఇచ్చే లాభంలో చాలా భాగం వచ్చేస్తుంది. పరుపు మీద, దుప్పటి మీద పెట్టి పనిచేయడం మానేయండి. గదిలో నీళ్ల కూలర్ ఉంటే దాని గాలి మీకు తగలనివ్వండి, లాప్‌టాప్‌కి నేరుగా వద్దు. గడ్డి తడి ఎక్కువైనప్పుడు సన్నటి తుంపర కూడా ఊదుతుంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి వరకు కాగితం పని పెట్టుకుని, పోర్టల్ పని పొద్దున్నే చేసుకోగలిగితే అసలు గొడవే ఉండదు. కానీ 20వ తారీఖున క్లయింట్లు అలా కుదరనివ్వరని నాకూ తెలుసు.

కొత్తది కొనాలా అన్నది వేగాన్ని బట్టి కాదు, విండోస్‌ని బట్టి తేల్చుకోండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ దగ్గర ఊళ్లోవాళ్ల పాన్ నంబర్లు, పాస్‌వర్డులు, బ్యాంకు వివరాలు ఉంటాయి, పాత విండోస్‌తో ఎక్కువ రోజులు నెట్టకూడదు. విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ తరం లేదా ఆ పైన ఉండాలి. టీ480లు ఎక్కువగా 8వ తరంవే, కానీ అదే పేరుతో 7వ తరం ప్రాసెసర్లతో కూడా కొన్ని వచ్చాయి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ పేజీలో ప్రాసెసర్ పేరు చూడండి. ఐ5 తర్వాత 8250యూ, 8350యూ అని 8తో మొదలైతే మీకు అధికారికంగానే విండోస్ 11 వస్తుంది, మెషీన్‌ని హాయిగా ఉంచుకోండి. 7200యూ, 7300యూ అని ఉంటే దాని మీద ఇక ర్యామ్‌కి కూడా పైసా పెట్టకండి. దుమ్ము మాత్రం తీయించి, ఈ సీజన్ నడిపి, మీవారి మాట ప్రకారం కొత్తది చూసుకోండి.

ఇందులో వేడితో సంబంధం లేనిది ఒకటుంది, కానీ టీ480 ఉన్నవాళ్లకు చెప్పకుండా ఉండలేను. ఆ కాలపు థింక్‌ప్యాడ్లలో ఆ పోర్టును నడిపించే థండర్‌బోల్ట్ చిప్‌లోని ప్రోగ్రామ్ (ఫర్మ్‌వేర్) లోపం వల్ల టైప్‌సీ పోర్టు పనిచేయకుండా పోయే సమస్య ఉంది. లెనోవో దానికి అప్‌డేట్ ఇచ్చింది. మీ ఛార్జర్ కూడా టైప్‌సీనే కాబట్టి వాంటేజ్‌లో అప్‌డేట్లు వెతికి, థండర్‌బోల్ట్ పేరుతో ఏదైనా పెండింగ్ ఉంటే వేయండి. అది పూర్తయ్యేదాకా ఛార్జర్ తీయొద్దు.

ఇవేవీ 18, 19 తేదీల్లో మొదలుపెట్టకండి. అప్పటిదాకా 99 శాతం సెట్టింగుతో, వెనక అంచు లేపి నెట్టుకురండి. 21న పొద్దున ట్యాలీ డేటా ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, క్లయింట్ల డిజిటల్ సంతకం టోకెన్లు ఏవైనా పోర్టులో ఉంటే తీసి పక్కన పెట్టి, అప్పుడు మీ తమ్ముడిని పిలవండి. మూత మళ్లీ బిగించాక అదే హెచ్‌డబ్ల్యూఇన్ఫో, అదే రెండు గంటల మధ్యాహ్నం, అదే అరగంట పని. గరిష్ట ఉష్ణోగ్రత 85 లోపు ఉంటే సరిగ్గా చేసినట్టే. తేడా ఏమీ లేకపోతే పలక ఒరిగి కూర్చుంది, విప్పి అంకెల వరుసలో మళ్లీ బిగించమనండి.